ప్రయాణ ఉద్దేశం

ద్వారకానగర్‌లో మూడో మేడ మీద మా ఆఫీసు.
లిఫ్టు పనిచేయదు.
బాలీ, బ్యాంకాక్, దుబాయ్ పోస్టర్ల కింద
ఆయాసం తీర్చుకుంటూ కూర్చున్నాడు గొర్లె సన్నాసిరావు,
షిప్‌యార్డు వెల్డరు, రిటైరై పదకొండేళ్లు.
సంచిలోంచి పాస్‌పోర్టు తీశాడు.
ఎప్పుడో మస్కట్ పనికని తీయించుకున్నది.
వెళ్లలేదు.
గడువు దాటి ఆరేళ్లు,
పేజీల్లో ఒక్క ముద్ర లేదు.

"ఏ దేశం బాబాయ్?"
"చిట్టగాంగ్."
"అది ఊరు. దేశం బంగ్లాదేశ్. అక్కడ ఏం చూస్తారు?"
"ఓడ."

ఓడ చూడ్డానికి విశాఖపట్నంలో మనిషికి
వీసా కావాలా అని నవ్వొచ్చింది నాకు.
రాత్రి రెండింటికి హార్బర్ సైరను
మా మంచం దాకా వస్తుంది.

"నాను అతికిన ఓడమ్మా.
నీటిగీత కింద, ఎడం పక్క,
నలభై అడుగుల కుట్టు, అంతా నాదే.
తునకలు సేసీడానికి అమ్మీసినారట.
ఓపాలి ఎల్లి సూసి ఒచ్చీత్తాను."

పేరు దగ్గరే ఆగిపోయాం.
ఆధార్‌లో సన్యాసి, పింఛను కాగితంలో సన్నాసి.
అఫిడవిట్ మీద సంతకం పెడుతూ నోటరీ అడిగాడట,
సన్యాసికి ఫారిన్ ఎందుకయ్యా అని.

మర్రిపాలెంలో వేళ్లు పడలేదు.
గాజు మీద బొటనవేలు ఆనిస్తే
యంత్రానికి అక్కడ ఎవరూ లేరు.
తడిగుడ్డతో తుడవమన్నారు,
నెత్తికి రుద్దుకోమన్నారు.
ముప్ఫై నాలుగేళ్లు నిప్పు నాకిన వేళ్లు.
టోకెన్లన్నీ అయిపోయాక
ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి
నేను సన్నాసిరావునే అంది.

మల్కాపురం కానిస్టేబులు ఇంటికొచ్చి,
టీ తాగి, "టూరా? బంగ్లాదేశా?" అని
రెండుసార్లు అడిగి వెళ్లాడు.

కొత్త పుస్తకంతో వచ్చిన రోజు
నాకు పాతదే చూపించాడు.
రద్దు చేసి మూల కత్తిరించి ఇచ్చారు.
"ముక్కు కోసీసినారు" అన్నాడు, ఆ అంచు తడుముతూ.
"ఓడకీ ఇంతే. ముందు ముక్కే."

వీసా ఫారం:
ఆ దేశంలో మీకు తెలిసినవారి పేరు, చిరునామా.
"హల్ నెంబరు రాసీ" అన్నాడు.
నేను ఒక హోటలు పేరు రాశాను.
ప్రయాణ ఉద్దేశం: పర్యటన.
ముప్ఫై రోజులు. సింగిల్ ఎంట్రీ.

వెళ్లాడు. మరిచిపోయాను.
సీతమ్మధార నుంచి కొత్త జంట బాలీకని వచ్చింది,
పెళ్లికొడుకు పాస్‌పోర్టుకి నాలుగు నెలలే మిగిలింది,
ఆరు ఉండాలని ఎవరూ చెప్పలేదని
వాళ్ల మావయ్య నా టేబులు మీద గుద్దాడు.
ఆ గొడవలో ఉండగా ఫోను.

వెనకాల ఇనుము మీద ఇనుము.
"అమ్మా, నాను. గడువు పెంచుతారేటి?"
"ఒంట్లో బాగాలేదా?"
"బాగుంది. లోపలికి రానీరు,
ఆటు తీసినప్పుడు బురదలోకి దిగి,
కంచె అవతల్నుంచి సూత్తన్నాను.
ముక్కు పోయింది. బ్రిడ్జి పోయింది.
నా కుట్టు కాడికి ఇంకా రానేదు."

పొడిగింపు దరఖాస్తు తెరిచాను.
కారణం అనే గడి ఉంది.
పక్కన బాణం నొక్కితే
అనారోగ్యం, విమానం రద్దు, బంధువుల మరణం,
ఇతరములు.
నా వేలు మూడోదాని మీద కాసేపు నిలబడింది.
ఇతరములు నొక్కాను.

"ఎన్ని రోజులు కావాలి బాబాయ్?"
కాసేపు సుత్తి దెబ్బలు.
"రోజుకి ఆరడుగులు కోత్తన్నారు.
రేపు నా మొదలు కాడికి ఒచ్చీత్తారు."

నలభైని ఆరుతో భాగించాను.
ఏడు.
ఎనిమిది అని రాశాను.